లెక్క అడిగేవారి లెక్కలు

ఎన్నికల బాండ్ల పథకాన్ని సవాలు చేస్తూ అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, పొట్టిగా ఏడీఆర్, 2017లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని ధర్మాసనం తేల్చింది 2024 ఫిబ్రవరి 15న. ఆ రెంటి మధ్యకాలంలో ఏ మార్చి 31వ తేదీనైనా ఒక దాత వచ్చి 'ఈ ఏడాది మీరు సాధించిందేమిటి?' అని అడిగి ఉంటే నిజాయతీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే: కేసు పెండింగులో ఉంది. పెండింగు కేసుకు ఫొటో ఉండదు, రిబ్బన్ కటింగ్ ఉండదు. అయినా ప్రతి వాయిదాకీ కాగితాలు తయారు కావాలి. ఎవరో ఒకరు చదవాలి, రాయాలి, వెళ్లిరావాలి. ఆ ఎవరో ఒకరికి నెల తిరిగేసరికి జీతం అందాలి.

కంటి ఆసుపత్రి నడిపే ట్రస్టు ఎన్ని ఆపరేషన్లు చేసిందో చెబుతుంది. అనాథాశ్రమం ఎంతమంది పిల్లలకు అన్నం పెట్టిందో చెబుతుంది. పోడు పట్టాల కోసమో, కూలిరేట్ల కోసమో, చెరువుల ఆక్రమణల మీదో పనిచేసే హక్కుల సంస్థ ఏం చెప్పాలి? దాని పనంతా అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు, కలెక్టరేట్ చుట్టూ తిరుగుళ్లు, కోర్టు వాయిదాలు, ఊళ్లలో సమావేశాలు, చివరికి ఒక నివేదిక, దాని మీద ఒక ప్రెస్‌మీట్. వీటన్నిటికీ కావలసింది మనుషుల సమయం. అందుకే ఇలాంటి సంస్థల ఖర్చుల పట్టికలో జీతాలు, ప్రయాణాలు ముందు వరుసలో ఉంటాయి. దాతల ఫారాల్లో మాత్రం జీతం అనగానే 'పాలనా వ్యయం' అనే అనుమానం. సిమెంటో, మందులో, కుట్టుమిషన్లో కొంటే అది నిస్సందేహంగా 'కార్యక్రమం'. హక్కుల సంస్థల ఆర్థిక నిర్వహణలో చిక్కులు చాలావరకు ఈ విభజనలోంచే పుడుతున్నాయని నా అభిప్రాయం. జమాఖర్చులను గుమస్తా వ్యవహారమని వదిలేసిన సంస్థకు నోటీసు వచ్చేదాకా ఈ సంగతి తలకెక్కదు.

ముందు విదేశీ నిధుల సంగతి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎమర్జెన్సీ కాలంలో, 1976లో పుట్టింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సెప్టెంబరు సవరణలు దాన్ని ఇంకా బిగించాయి. పాలనా వ్యయం పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. తనకొచ్చిన విదేశీ డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషిద్ధమైంది. ఆదిలాబాద్‌లో ఉన్నా అనంతపురంలో ఉన్నా సరే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా తెరిచి విదేశీ డబ్బును ముందు అక్కడికే రప్పించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో నోయెల్ హార్పర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణలను దాదాపు యథాతథంగా సమర్థించింది. సవరణలు తప్పనిసరి చేసిన సంస్థ బాధ్యుల ఆధార్‌కు బదులు పాస్‌పోర్టు ఇచ్చే వీలు మాత్రం కల్పించింది.

20 శాతం అంటే వినడానికి సబబుగానే ఉంటుంది. అసలు తిరకాసు లెక్కగట్టే తీరులో ఉంది. ఈ శాతాన్ని చూసేది ఆ ఆర్థిక సంవత్సరంలో చేతికొచ్చిన విదేశీ డబ్బు మీద. మొత్తం గ్రాంటు ఎంత అన్నది ఇక్కడ పనికిరాదు. ఒక జిల్లా కేంద్రంలోని సంస్థకు మూడేళ్లకు 90 లక్షల రూపాయల గ్రాంటు మంజూరైందనుకుందాం. మొదటి ఏడు 20 లక్షలు, రెండో ఏడు 40 లక్షలు, మూడో ఏడు 30 లక్షలు వచ్చాయి. ఆఫీసు అద్దె, కరెంటు, ఆడిట్ ఫీజు, అకౌంటెంటు జీతం, డైరెక్టరు జీతంలో కొంత, అన్నీ కలిపి ఏటా 5.5 లక్షలు అవుతున్నాయి. మూడేళ్లకు 16.5 లక్షలు, అంటే 18.3 శాతం. మొత్తం మీద చూస్తే హద్దు దాటలేదు. మొదటి ఏడాది సంగతి వేరు. 20 లక్షల మీద పరిమితి 4 లక్షలే. ఖర్చయిన 5.5 లక్షలు 27.5 శాతం అవుతాయి. కేంద్రం ముందస్తు అనుమతి లేకపోతే ఇది చట్ట ఉల్లంఘన. మిగిలిపోయిన పాలనా వ్యయాన్ని తర్వాతి ఏడాదికి తీసుకుపోయే వెసులుబాటు 2024 డిసెంబరు చివర్లో వచ్చిన నిబంధనల మార్పుతో దక్కింది. లోటు మొదటి ఏడాదే పడితే అది అక్కరకు రాదు. ఒక్క పైసా పక్కదారి పట్టకపోయినా, ఒక విడత మార్చి నుంచి ఏప్రిల్‌కు జారినందుకే సంస్థ దోషిగా తేలవచ్చు. గ్రాంటు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే విడతల తేదీలను ఈ కోణంలో బేరమాడే సంస్థలు అరుదు. అడిగితే కాదనే దాతలు కూడా అరుదేనని నా నమ్మకం.

ఇంతకీ పాలనా వ్యయం అంటే ఏది? ఆసుపత్రి వైద్యుల జీతాలు, బడి టీచర్ల జీతాలు అందులోకి రావని నిబంధనలు ఉదాహరణలిచ్చి మరీ చెప్పాయి. శిక్షణ, పరిశోధన ప్రధానంగా చేసే సంస్థల్లో శిక్షకుల జీతాలనూ, క్షేత్ర సమాచారం సేకరించి విశ్లేషించేవారి జీతాలనూ మినహాయించాయి. భూమి కేసులు చూసే లాయరు, ఊరూరా తిరిగి కూలీల ఫిర్యాదులు రాసుకునే కార్యకర్త ఈ ఉదాహరణల్లో లేరు. వాళ్ల జీతం ఏ పద్దులో పడాలో ముందు ఆడిటరు తేలుస్తాడు, తర్వాత ఎప్పుడో కేంద్ర హోంశాఖ తేలుస్తుంది. రెండు తీర్పులూ ఒకటే కావాలని రూలేం లేదు. అందువల్ల ఉద్యోగ నియామక పత్రంలోనే పనిని స్పష్టంగా రాసుకోవాలి. 'ప్రోగ్రామ్ ఆఫీసర్' అన్న గాలి పదం కన్నా 'ఫలానా మండలాల్లో భూ రికార్డుల పరిశీలన, రైతులకు న్యాయ శిక్షణ' అన్న వాక్యం ఆడిట్ నాడు ఆదుకుంటుంది. నెలనెలా పనిదినాల పట్టిక రాసి, సంతకం పెట్టి, ఫైలులో ఉంచడం కూడా అంతే ముఖ్యం. ఉద్యమకారులకు ఈ పట్టికలంటే చిరాకు. అది భరించక తప్పని చిరాకు.

నిధుల బదిలీ నిషేధం చేసిన నష్టం ఇంకా లోతైనది. అంతకుముందు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ నిధులు తెచ్చి, మండలాల్లో పనిచేసే చిన్న బృందాలకు కొంత పంచేది. ఇంగ్లిష్ ప్రతిపాదనలు, ఆడిట్ తలనొప్పులు పెద్ద సంస్థ భరిస్తే ఊళ్లో పని చిన్న బృందం చేసేది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. చిన్న బృందం సొంతంగా విదేశీ నిధుల రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్ల వయసుతో పాటు, గడిచిన మూడేళ్లలో కనీసం 15 లక్షలు ప్రధాన కార్యక్రమాల మీద ఖర్చు చేసి చూపాలి. 15 లక్షలు ఖర్చు చేయగలిగిన బృందానికి బయటి డబ్బు అంత అత్యవసరమూ కాదు. గిరిజన గూడేల్లో, దళితవాడల్లో నలుగురు కలిసి పెట్టుకున్న సంఘానికి ఈ మెట్టు అందదు.

ప్రభుత్వాన్ని ప్రశ్నించే సంస్థలకు 'రాజకీయ స్వభావం' అన్న ముద్ర మరో గండం. దీని మీద ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం వేసిన కేసులో 2020 మార్చి 6న సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చింది. ప్రజా సమస్యల మీద బంద్, హర్తాళ్ వంటి రూపాల్లో నిరసన తెలిపినంత మాత్రాన విదేశీ నిధులకు అనర్హత రాదనీ, క్రియాశీల రాజకీయాలతోనో, పార్టీ రాజకీయాలతోనో సంబంధం ఉంటేనే ఆ నిబంధన వర్తిస్తుందనీ చెప్పింది. హక్కుల సంస్థల పాలకవర్గాల్లో ఈ తీర్పు చదివినవారు ఎందరో నాకు సందేహమే. చదవాలి.

పార్టీల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. బీజేపీ, కాంగ్రెస్ రెండూ వేదాంత గ్రూపు కంపెనీల నుంచి తీసుకున్న విరాళాలు ఇదే విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ పిటిషనర్లు ఇద్దరు: ఒకటి ఏడీఆర్, మరొకరు విశాఖలో స్థిరపడిన రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఈ.ఏ.ఎస్. శర్మ. తర్వాత ఏమైంది? 2016 ఫైనాన్స్ చట్టంతో 'విదేశీ మూలం' నిర్వచనాన్నే వెనకటి తేదీ నుంచి మార్చారు. అదీ చాలలేదని 2018లో ఆ మార్పును 1976 దాకా వెనక్కి జరిపారు. పట్టా కోసం అర్జీ రాసిపెట్టే సంస్థ ఒక విడత ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. పార్టీలకు నాలుగు దశాబ్దాల లెక్క ఒక్క సవరణతో చెల్లు. ఈ అన్యాయం గురించి ఎంత మాట్లాడినా తక్కువే. కానీ అన్యాయమైన చట్టం కింద పనిచేసేవారు పుస్తకాలు మరింత శుభ్రంగా పెట్టుకోవాలి గానీ, చట్టం అన్యాయం కనుక మన పుస్తకాలూ ఎలాగైనా ఉండొచ్చని అనుకోకూడదు. ప్రభుత్వానికి నచ్చని సంస్థ మీద చర్య మొదలయ్యేది దాని అభిప్రాయాల దగ్గర కాదు, దాని వోచర్ల దగ్గర.

తప్పంతా ప్రభుత్వానిదే అంటే దాతలు సుఖంగా తప్పించుకుంటారు. దాతలు అసలు ఖర్చు ఇవ్వరు, సంస్థలు తక్కువ ఖర్చు చూపిస్తాయి, ఆ తక్కువనే దాతలు సహజమనుకుంటారు. ఈ విషవలయం గురించి ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ 2009లోనే స్టాన్‌ఫర్డ్ సోషల్ ఇన్నోవేషన్ రివ్యూలో రాశారు. తర్వాత సేవా సంస్థలకు సలహాలిచ్చే బ్రిడ్జ్‌స్పాన్ గ్రూప్ మన దేశంలోని 40 ప్రముఖ సంస్థల లెక్కలు పరిశీలిస్తే పరోక్ష వ్యయం 5 శాతం నుంచి 51 శాతం దాకా తేలింది. మధ్యగతం 19 శాతం. చేసే పనిని బట్టి ఇంత తేడా ఉన్నప్పుడు అందరికీ ఒకే శాతం గీత గీయడంలో అర్థం లేదు. ఫోర్డ్ ఫౌండేషన్ 2016లో 'బిల్డ్' పేరుతో ఐదేళ్లపాటు సంస్థలకు స్వేచ్ఛగా వాడుకునే నిధులివ్వడం మొదలుపెట్టి మరో దారి ఉందని చూపించింది. అలాంటివారు కొద్దిమందే. దేశీయ కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు 2014 ఏప్రిల్ నుంచి చట్టబద్ధమైన బాధ్యతగా వస్తోంది. మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. అది బడి గదులకు, నీటి ప్లాంట్లకు, ఆరోగ్య శిబిరాలకు పోతుంది. అనుమతులన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్న కంపెనీ అదే ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చే సంస్థకు చెక్కు రాస్తుందని ఆశించడం అమాయకత్వం.

అసలు ఖర్చు ఇవ్వని దాత వల్ల సంస్థలో ఏం జరుగుతుందో ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు, పైకి అనరు. ఒక్క సమన్వయకర్త జీతాన్ని మూడు ప్రాజెక్టుల్లో తలో 40 శాతం చొప్పున రాస్తారు. కలిపితే 120 శాతం. మూడు యుటిలైజేషన్ సర్టిఫికెట్లూ విడివిడిగా నిజంలాగే ఉంటాయి, ఒక్క బల్ల మీద పెడితేనే గుట్టు బయటపడుతుంది. ప్రయాణాల సంగతి మరీ ఘోరం. గూడెం దాకా తీసుకెళ్లే ఆటోవాలా బిల్లు ఇవ్వడు. సమావేశంలో టీ పోసిన బడ్డీకొట్టుకు జీఎస్టీ నంబరు ఉండదు. దాత బిల్లు లేనిదే ఖర్చు ఒప్పుకోడు. చివరికి నిజంగా అయిన ఖర్చుకే దొంగ బిల్లు పుడుతుంది! ఒకసారి బిల్లు పుట్టించడం అలవాటైన చేయి, కాని ఖర్చుకు కూడా పుట్టించదని హామీ ఏమిటి? దీనికి మందు కష్టమైంది కాదు. బిల్లు దొరకని చిన్న ఖర్చులకు పాలకవర్గం ఒక పరిమితి తీర్మానించాలి. వెళ్లిన ఊరు, పని, తేదీ, మొత్తం రాసి కార్యకర్త, బాధ్యుడు సంతకం చేసిన సొంత వోచరు చాలునని గ్రాంటు ఒప్పందంలోనే దాతతో ఒప్పించాలి. ప్రతి బిల్లు మీద ఏ గ్రాంటు నుంచి చెల్లించారో ముద్ర వేస్తే ఒకే బిల్లు ఇద్దరు దాతలకు చేరదు. గ్రాంటుకో లెడ్జరు, చెక్కు మీద రెండు సంతకాలు, నెలనెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూడటం వంటివి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

అసలు ఈ గ్రాంట్ల గొడవే వద్దనే సంప్రదాయం ఒకటుంది, అది గౌరవించదగ్గది. 1990 మే 1న రాజస్థాన్‌లోని భీమ్‌లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సంస్థాగత నిధులు తీసుకోదు, దాని కార్యకర్తలు కనీస వేతనంతో బతుకుతారు. సమాచార హక్కు చట్టానికి పునాది వేసిన జన్ సున్‌వాయీలు, అంటే బహిరంగ విచారణలు, మొదలుపెట్టింది ఆ సంఘటనే. జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ దేశీ, విదేశీ ఫండింగ్ ఏజెన్సీల డబ్బు ముట్టుకోదు. మన దగ్గర బాలగోపాల్, ఆయన సహచరులు 1998లో పెట్టిన మానవ హక్కుల వేదిక సభ్యుల చందాలతో, పుస్తకాల అమ్మకాలతో నడుస్తూ వచ్చింది. ఏ దాతకూ నివేదిక రాయనక్కరలేని సంస్థకుండే ధైర్యమే వేరు.

అయినా ఈ నమూనాను అందరి మీదా రుద్దలేం. జీతం లేని హక్కుల పని ఎక్కువగా చేయగలిగేది ఎవరు? లెక్చరర్లు, లాయర్లు, పెన్షన్ వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు. ఇంట్లో మరో జీతం ఉన్నవారు. రోజు కూలి పోతే పొయ్యి వెలగని మాదిగ స్త్రీ, సఫాయి కార్మికుడి కొడుకు, గూడెంలో డిగ్రీ చదివిన తొలి తరం పిల్ల పూర్తికాలం ఈ పనిలోకి రావాలంటే జీతం ఉండాలి. నిధులు తీసుకోవడమే అపచారమంటే ఆ పనిని మళ్లీ పైవర్గాల చేతికి అప్పగించినట్టే. కాబట్టి డబ్బు తీసుకోవాలా వద్దా అనే పాత తగాదా పక్కన పెట్టి, ఎవరి దగ్గర, ఏ షరతుతో, ఎంత వాటా తీసుకోవాలనే చోట చర్చ జరగాలి. ఒక్క దాత మీద సగానికి మించి ఆధారపడే సంస్థ ఆ దాత మనసు మారిన రోజున మూతపడుతుంది.

దేశీయ చిన్న విరాళాలే దీనికి విరుగుడు. 500 మంది నెలకు 200 రూపాయలిస్తే ఏడాదికి 12 లక్షలు. ఒక చిన్న సంస్థకు ఆఫీసూ, అకౌంటెంటూ, ఒక లాయరూ గడిచిపోతాయి. పైగా అది ఏ ప్రాజెక్టుకూ కట్టుబడని డబ్బు. దీనికీ ప్రభుత్వం ఒక కొర్రీ వేసింది. విరాళం మీద దాతలకు అలవాటైన 80జీ పన్ను మినహాయింపు కొత్త పన్ను విధానంలో లేదు. ఉద్యోగుల్లో ఎక్కువమంది అటే జరుగుతున్నారు. పాత విధానంలో ఉన్నవారికైనా 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. అంటే ఇక మీద విరాళం అడిగేటప్పుడు పన్ను లాభం చూపించి అడగలేం, పని చూపించే అడగాలి.

తెలుగువారి విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఊరి మీద మమకారంతో డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో డబ్బు పంపేవారు మనకు చాలామంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఒకే ఇంట్లో భర్త పంపింది సక్రమం, భార్య పంపింది ఉల్లంఘన కావచ్చు. తెలిసినవాళ్లే కదా అని పాస్‌పోర్టు కాపీ అడగడానికి మొహమాటపడే సంస్థ ఆ మొహమాటానికి పెద్ద మూల్యమే చెల్లిస్తుంది.

మిగులు డబ్బు మీద కూడా ఒక అపోహ ఉంది. సేవా సంస్థ దగ్గర మార్చి 31కి డబ్బు మిగిలితే అదేదో తప్పన్నట్టు ఆఖరి వారంలో వర్క్‌షాపులు పెట్టి ఖర్చు పెట్టేస్తారు. పన్ను చట్టం ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం వాడమంటోంది. మిగతా 15 శాతం షరతులేమీ లేకుండా దాచుకోవచ్చు. అంతకు మించి కూడా, ప్రయోజనం చెప్పి ఐదేళ్ల దాకా నిలవ చేసుకునే వీలుంది. గ్రాంటు షరతు లేని డబ్బును ఇలా ఏటా కొంత దాచుకున్న సంస్థ ఖాతా స్తంభించిన రోజున ఆరు నెలలు జీతాలివ్వగలదు. ఆ ఆరు నెలల్లో కోర్టు ఉత్తర్వు రావచ్చు లేదా కొత్త దాత దొరకవచ్చు. దాచుకోనివాళ్లు మొదటి నెలలోనే లాయరును వదులుకుంటారు.

లెక్కలు నలుగురి ముందు చదవడం మనకు కొత్తేమీ కాదు. ఉపాధి హామీ పనుల మీద 2006లో సామాజిక తనిఖీలు మొదలుపెట్టి, 2009లో దానికో ప్రత్యేక సొసైటీనే పెట్టిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మస్టర్ రోల్ చదివి, ఎవరికెంత ముట్టిందో ఊరి మధ్య పేరుపేరునా అడిగారు. ఆ తనిఖీలను సమర్థించి, వాటికోసం పోరాడిన హక్కుల సంస్థల్లో ఎన్ని తమ వార్షిక జమాఖర్చులను తాము పనిచేసే ఊళ్లలో చదివి వినిపిస్తున్నాయి? చట్టం అడిగిన రిటర్నులు ఇంగ్లిష్‌లో ఆన్‌లైన్‌కు ఎక్కుతాయి. ఎవరి పేరు చెప్పి గ్రాంటు తెచ్చారో వారికి అందులో ఒక్క ముక్క తెలియదు. ఏ దాత ఎంత ఇచ్చాడు, డైరెక్టరు జీతమెంత, ఊరికి ఎంత చేరింది అని రెండు పేజీల్లో తెలుగులో అచ్చువేసి పంచడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

విదేశీ నిధుల వార్షిక రిటర్ను గడువు ఏటా డిసెంబరు 31. హక్కుల సంస్థలు ఆ తేదీలోగానే ఈ రెండు పేజీలనూ ఊళ్లకు చేర్చాలి. గ్రాంటులిచ్చే సంస్థలు బడ్జెట్ మొదటి వరుసలోనే అకౌంటెంటు పూర్తి జీతం రాయాలి. కేంద్ర హోంశాఖ హక్కుల పనిచేసే లాయర్ల, కార్యకర్తల జీతాలు ఏ పద్దులోకి వస్తాయో నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చాలి. మూడింటిలో మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కనుక అక్కడి నుంచే మొదలుపెట్టాలి.